టెంప్టేషన్స్ ‘ఆంథాలజీ’: మూడు ఎల్పీల పాత సెట్టు కొనొచ్చా?

కొనొచ్చు. టెంప్టేషన్స్ అంటే అమెరికాలోని డెట్రాయిట్‌కి చెందిన సోల్ పాటల గ్రూపు. ఆ ఐదుగురి గొంతులు తెలియాలంటే మోటౌన్ రికార్డు కంపెనీ 1973లో తెచ్చిన ఈ మూడు వినైల్ రికార్డుల సెట్టు చాలు. 1994 నాటి ఐదు సీడీల పెట్టె ‘ఎంపరర్స్ ఆఫ్ సోల్’ వీరాభిమానులకు సరే, కూర్చుని వినాలంటే ఓపికుండాలి.

ఇందులో మజా అంతా లీడ్ గొంతు, అంటే ముందుండి పాడే గొంతు, చేతులు మారడంలోనే. మొదట్లో మోటౌన్ పాటల రచయిత, ప్రొడ్యూసర్ స్మోకీ రాబిన్సన్ చేసిన పాటల్లో ఎడ్డీ కెండ్రిక్స్ సన్నటి గొంతు ముందుంటుంది. 1964లో చేరిన డేవిడ్ రఫిన్ గరుకు గొంతుతో ‘మై గర్ల్’ అందుకుంటే, 1965 మార్చిలో అది అమెరికాలో నంబర్ వన్. 1968లో రఫిన్‌ని తీసేసి డెనిస్ ఎడ్వర్డ్స్‌ని తెచ్చారు. ప్రొడ్యూసర్ నార్మన్ విట్‌ఫీల్డ్ ‘క్లౌడ్ నైన్’లో లీడ్‌ని ఐదుగురికీ తలో ముక్కగా పంచాడు, మోటౌన్‌కి తొలి గ్రామీ దాంతోనే వచ్చింది. 1971లో కెండ్రిక్స్, పాల్ విలియమ్స్ ఇద్దరూ గ్రూపు వదిలేశారు. ‘పాపా వాజ్ ఎ రోలిన్ స్టోన్’ దాదాపు 12 నిమిషాల పూర్తి రూపంలో కావాలంటే మాత్రం 1972 నాటి ‘ఆల్ డైరెక్షన్స్’ ఆల్బమ్ వెతుక్కోవాలి. గొంతు వినపడేసరికే నాలుగు నిమిషాలవుతుంది, ఆ ఎదురుచూపే దాని రుచి.

హైదరాబాద్‌లో దొరికేది ఎక్కువగా సెకండ్ హ్యాండే. లేబుళ్ల మీద ఆరు సైడ్లూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, ఒక డిస్క్ మారిపోయి ఉండటం మామూలే. లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. సన్నటి గీతలు ఫర్వాలేదు, గోరుకి తగిలే గీత ఉంటే ముల్లు ఎగురుతుంది. వానాకాలం పట్టిన బూజు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క డిష్ లిక్విడ్ వేసి, గాడి వెంబడి తుడిస్తే పోతుంది. ముల్లు బరువు కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) కంపెనీ చెప్పినంతే పెట్టండి. రికార్డు అరిగిపోతుందని తగ్గిస్తే లోపలి గాడుల్లో కెండ్రిక్స్ ‘స’లన్నీ చీరుకుపోతాయి.

అసలు తంటా అమెరికా నుంచి తెచ్చిన పాత ప్లేయర్లతో. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మన కరెంటు 50 హెర్ట్జే, అమెరికాలో 60. 60 హెర్ట్జ్‌కి చేసిన ఏసీ సింక్రనస్ మోటారు (కరెంటు హెర్ట్జ్‌ని బట్టే వేగం ఉండేది) 33⅓ బదులు నిమిషానికి సుమారు 27.8 చుట్లే తిరుగుతుంది. శ్రుతి దాదాపు మూడు మెట్లు (హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి) దిగి, గ్రూపులోని మెల్విన్ ఫ్రాంక్లిన్ బేస్ గొంతు పాతాళానికి పోతుంది, కెండ్రిక్స్ మామూలు మగ గొంతైపోతాడు. మోటారుకి 50 హెర్ట్జ్ పుల్లీ, అంటే 1.2 రెట్లు వ్యాసం ఉన్నది, వేయించాలి. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు ప్లేయరైతే ఈ బెడద లేదు.