కొండపల్లి దశావతారాల సెట్టు: అసలుదీ, పోతదీ రెండూ వాడాక

కొండపల్లి బొమ్మల గురించి ఎవరు రాసినా రంగుల దగ్గర మొదలుపెడతారు. తెల్ల పొణికి కర్ర, మేక వెంట్రుకల కుంచె, కోట, రాజుల కాలం... అవన్నీ మీకు తెలిసినవే, వదిలేద్దాం. కొలువు పెట్టే ఇంట్లో అసలు ప్రశ్న ఒకటే: కిందపడితే ఏమవుతుంది? పిల్లలు తిరిగే ఇంట్లో, వీధంతా పేరంటానికి వచ్చే పండగ రోజుల్లో, ఏదో ఒకటి పడక మానదు. నా దగ్గర దశావతారాలు రెండు సెట్లున్నాయి. ఒకటి కొండపల్లిలో కొన్నది, ఇంకోటి కొండపల్లిదని చెప్పి అమ్మింది. రెండూ పడ్డాయి.

మొదటి సెట్టు పెళ్లయిన కొత్తలో మా అత్తగారు కొనిపెట్టారు. సంక్రాంతికి గుడివాడలో అత్తగారింట్లోనే కొలువు. మిగతా ఏడాదంతా అవతారాలన్నీ పాత కాటన్ చీర ముక్కల్లో చుట్టుకుని అటక మీద ఉంటాయి. వీటిలో నాకు నచ్చింది తేలికదనం. పది అవతారాలనీ ఒక బుట్టలో వేసుకుని ఒంటి చేత్తో నిచ్చెన దిగొచ్చు. రెండోది, ఏ రెండు ముఖాలూ ఒకేలా ఉండవు. మా బలరాముడికి ఒక కనుబొమ్మ కాస్త పైకుంటుంది, ఎవరేం చెప్పినా నమ్మనట్టు చూస్తుంటాడు.

రెండో సెట్టు మా పెద్ద వదిన, అంటే మా ఆయన అక్కయ్య, హైదరాబాదులో ఒక ఎగ్జిబిషన్‌లో కొని తెచ్చారు. పెట్టె మీద కోట బొమ్మ, దాని కింద బంగారు అక్షరాలతో 'కొండపల్లి'. ధర కూడా తక్కువేం కాదు, కొండపల్లిలో అడిగే ధరకి అటూ ఇటుగా ఉంది. నిజం చెప్పాలంటే చూడ్డానికి అదే బాగుంది. నున్నగా, మెరుస్తూ, గీత పక్కకి పోకుండా. పేరంటాళ్లు దాని ముందే ఆగి ఫోటోలు తీసుకున్నారు. చేత్తో పట్టుకుంటే మాత్రం తేడా తెలిసేది. కూర్మావతారం ఒక్కటి ఎత్తితే చెయ్యి కిందికి లాగేది. "గట్టిగా ఉందిలే, మంచిదేగా" అన్నారు మా ఆయన. వదిన తెచ్చింది కాబట్టి అది పై మెట్టెక్కింది, పాత సెట్టు కింది మెట్టుకి దిగింది.

కొన్నేళ్లు అలాగే నడిచింది. ఇక పడిన సంగతి.

భోగి సాయంత్రం. భోగిపళ్లు పోయడం అయిపోయింది. పిల్లలంతా చాప మీద రేగుపళ్ల మధ్య చిల్లర ఏరుకుంటున్నారు. ఒక రూపాయి బిళ్ల దొర్లి కొలువు కిందికి పోయింది. దాని వెనకే మా తోటికోడలి చిన్నవాడు దూరాడు. మెట్ల మీద పరిచిన పట్టుచీర అంచు వాడి చేతికి చిక్కింది. పై మెట్టు మీది నరసింహుడు ముందుకు ఒరిగి, పడనా వద్దా అన్నట్టు ఆగి, కిందికొచ్చాడు. వచ్చినవాడు ఊరికే రాలేదు. మా పాత పరశురాముడి భుజం మీద పడి, అక్కణ్ణుంచి గచ్చు మీద పడ్డాడు.

పరశురాముడి గొడ్డలి చెయ్యి భుజం దగ్గర ఊడింది. చేతులు విడిగా చెక్కి ఒంటికి అతికిస్తారు కదా, సరిగ్గా ఆ అతుకు దగ్గరే వచ్చేసింది. చెక్క ఎక్కడా చిట్లలేదు, వేలు ఒక్కటి విరగలేదు. నరసింహుడు మాత్రం నడుము దగ్గర రెండు ముక్కలు. లోపల చెక్క లేదు. బూడిద రంగులో గట్టిపడిన పిండి లాంటిదేదో, మధ్య మధ్యలో గాలి బుడగల గుంటలు. గోటితో గీకితే రాలుతోంది. వదిన ఆ ముక్కలు చేతిలోకి తీసుకుని "చెక్కదని నొక్కి చెప్పాడమ్మాయ్ వాడు" అన్నారు, ఇంకేం మాట్లాడలేదు.

పోత బొమ్మని, అంటే అచ్చులో పోసి చేసిన ఆ నరసింహుణ్ణి, ఆ రాత్రే క్విక్ గమ్‌తో అతికించబోయారు మా ఆయన. గమ్ము పట్టింది గానీ పట్టిన చోట పిండి ఊడొచ్చింది.

పండగయ్యాక హైదరాబాదు తిరిగొచ్చేటప్పుడు విజయవాడ దాటి, ఇబ్రహీంపట్నం దగ్గర హైవే వదిలి కొండపల్లి వైపు తిరగమన్నాను. సంక్రాంతి తిరుగు ట్రాఫిక్‌లో ఆ మాట అంటే మా ఆయన ముఖం ఎలా పెట్టారో చెప్పక్కర్లేదు. బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద పెద్దాయన ఒకరు కూర్చుని అంబారీ ఏనుగుకి ఒళ్లు చెక్కుతున్నారు. చుట్టూ చెక్కపేళ్లు.

"బాబాయి గారూ, ఇది అతుకుతుందా?"

"పాత పనమ్మా ఇది, ఎప్పుడు కొన్నారు?" అంటూనే ఉలి మొనతో అతుకులో మిగిలిన పాత మక్కు గీకెయ్యడం మొదలుపెట్టారు. పక్కనున్న గిన్నెలోంచి కొత్త మక్కు వేలితో తీశారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. అతుకులో పూసి, చెయ్యి పెట్టి నొక్కి, బయటికి పొంగిన మక్కుని చెరిపెయ్యకుండా బొటనవేలితోనే భుజం కండలా సర్దారు. ఆ పైన నూలు దారం చుట్టి పక్కన పెట్టారు. నేను అడిగి నోరు మూసేలోపే అయిపోయినట్టనిపించింది.

"ఎండాలి. ఆ తర్వాత సున్నం పూత, ఆ తర్వాత రంగు. ఇప్పుడే పట్టుకెళ్తానంటే కుదరదమ్మా."

అప్పుడు సంచిలోంచి నరసింహుడి ముక్కలు తీశాను. అరచేతిలో వేసుకుని తూచినట్టు ఆడించి, "ఇది మాది కాదమ్మా" అన్నారు. వెనక్కి ఇవ్వబోయి, మళ్లీ దగ్గరగా పెట్టుకుని చూసి, "కాదు, మాదే" అన్నారు.

లోపలికెళ్లి ఇంకా రంగు వెయ్యని తన నరసింహుణ్ణి తెచ్చి పక్కన నిలబెట్టారు. రెండింటికీ ఎడమ పాదం బయటికి తిరిగి ఉంది. వాళ్ల నాన్నగారు ఒకప్పుడు మొద్దులో ముడిని తప్పించడానికి పాదం అలా తిప్పారట, ఆ తర్వాత అదే చేతికి అలవాటైపోయిందట. "మా ఇంట్లో ఎవరు చెక్కినా అంతే. ఈ పక్కింట్లో అడగండి, వాళ్ల నరసింహుడి కాలు తిన్నగా ఉంటుంది." పోత బొమ్మ ఆయన బొమ్మకంటే నూలు వాసి పొట్టి. "మా బొమ్మ మీద అచ్చు తీసి పోశారు. పోసింది గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోద్ది, అదీ తేడా." ముడి, కాలు, ఆ నిలబడే తీరు అంతా వాళ్ల ఇంటిదే. అందులో కర్ర ముక్క ఒక్కటి లేదు, వాళ్లకి ముట్టిన రూపాయీ లేదు.

మక్కుతో దాన్ని అతికించమని అడిగాను. పొణికి మక్కుని పీల్చుకుంటుంది, ఇది పీల్చుకోదు అన్నారు. అయినా నా ముఖం చూసి ప్రయత్నించారు. మేం టీ తాగేసరికి జారిపోయింది.

మాటల్లో చెప్పారు. ఒక వ్యాపారి ఏటా దసరా ముందు వచ్చి సెట్లకు సెట్లు పట్టుకెళ్లేవాడట. ఒక ఏడాది ఒక్క సెట్టే కొన్నాడట, మరుసటేడు అసలు రాలేదు. "అచ్చు తియ్యడానికి ఒక్కటి చాలు కదమ్మా." ఆ వ్యాపారే ఇదంతా చేశాడని ఆయన అనలేదు, నేనూ అనను. ఇప్పుడు గుమ్మంలోకి వచ్చినవాళ్లు ఫోన్ తీసి, ఇదే బొమ్మ ఆన్‌లైన్‌లో మూడో వంతు ధరకుంది, మీరెందుకు ఇంత చెబుతున్నారని అడుగుతారట. ఆ ఫోటోలో ఉన్నదీ ఈయన చెక్కిన కాలే అయ్యుండొచ్చు. తన బొమ్మతో తనే బేరమాడుకోవాల్సి రావడం అంటే ఇదే.

మనం ధర గురించి మాట్లాడేటప్పుడు పని ఎంతుందో గుర్తుండదు. కర్ర తేవాలి, అదీ ఇప్పుడు చుట్టుపక్కల కొండల్లో మునుపటిలా దొరకడం లేదు. సన్నటి సెగ మీద దానిలోని చెమ్మ పోగొట్టాలి. ఒళ్లు ఒకటి, చేతులు ఒకటి, ఆయుధం ఒకటి విడివిడిగా చెక్కి, మక్కుతో కలిపి, ఆకురాయి పట్టి, సున్నం పూసి, అది ఆరాక రంగు వెయ్యాలి. ఇంటిల్లిపాదీ కూర్చుంటే తప్ప ఒక సెట్టు తేలదు. అచ్చు ఉన్నవాడికి ఇవేవీ లేవు, పోసుకుంటూ పోవడమే. ఈ పెద్దాయన కొడుకు విజయవాడలో బట్టల షాపులో పనిచేస్తున్నాడు. అతను ఉలి పట్టడం మానేశాడంటే తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

చట్టం లేదా అంటే ఉంది. కొండపల్లి బొమ్మలకు జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చి చాలా ఏళ్లయింది. 1999లో చేసిన జీఐ చట్టం 2003 నుంచి అమల్లో ఉంది. తప్పుడు పేరుతో సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. కానీ అది కాపాడేది పేరుని. పెట్టె మీద ఆ బంగారు అక్షరాలు తీసేసి వట్టి 'దశావతార్ సెట్' అని అచ్చేస్తే నరసింహుడి వంకర పాదం గురించి జీఐ ఏమీ అనదు. 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. జీఐ ఉన్న వస్తువులకీ, రిజిస్టరైన చేతివృత్తుల వాళ్లకీ మినహాయింపు ఇచ్చారు, మంచిదే. మా పోత సెట్టు పెట్టె అంతా తిప్పి చూశాను, ఏ మార్కూ లేదు. ఇది ఆటబొమ్మ కాదు, అలంకరణ వస్తువు అనేస్తే ఆ గొడవా వదిలిపోతుంది కాబోలు. కేసు పెట్టమని పెద్దాయనతో అంటే నవ్వారు. ఎగ్జిబిషన్‌లో స్టాలు పది రోజులుంటుంది, పదకొండో రోజు ఎవరి మీద పెట్టాలి?

కొలువులు పెట్టేవాళ్లకి జరిగే నష్టం కూడా చిన్నదేం కాదు. వదిన ఇప్పుడు ఎవరికీ బొమ్మలు కొనడం లేదు. మొన్న మా ఇంకో ఆడబిడ్డ కూతురి పెళ్లికి స్టీలు డబ్బాల సెట్టు ఇచ్చారు. "ఏది అసలో ఏది కాదో నాకేం తెలుస్తుంది, నవ్వులపాలవడం ఎందుకు" అంటారు. మోసం చేసినవాడి దగ్గర మానేస్తే సరిపోయేది, ఆవిడ మొత్తానికే మానేశారు. అంటే కొండపల్లిలో ఆ అరుగు మీద కూర్చున్నాయనకి ఒక నికరమైన గిరాకీ పోయింది. నేనైతే ఎవరింటి కొలువుకి వెళ్లినా తాంబూలం అందుకునే లోపు ఒక బొమ్మ ఎత్తి చూస్తున్నాను. మర్యాద కాదని తెలుసు.

అసలు సెట్టు గురించి పైన చెప్పిన మంచి మాటలకి కొన్ని సవరణలు. తేలికని పొగిడాను గానీ, ఫ్యాను జోరుగా తిరిగితే వామనుడు నిలవడు, గొడుగు గాలి పట్టేస్తుంది. అడుగున గోధుమపిండి ముద్ద పెడతాం. మత్స్యావతారానికి పురుగు పట్టింది, అడుగున సూది మొనంత రంధ్రాలు, చుట్టూ పొడి. వేపాకు వేస్తే రాదంటారు, మాకు వేపాకు వేసిన ఏడాదే వచ్చింది. పోత బొమ్మకి ఆ బాధ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. రంగు కింద సున్నం పూత అక్కడక్కడా పెచ్చు లేస్తుంది. ఇక అతుకు. పరశురాముణ్ణి మళ్లీ చేతికి తీసుకున్నది ఉగాదికి ఊరెళ్లేటప్పుడు. చెయ్యి గట్టిగానే ఉంది, రంగు మాత్రం ఒంటి రంగుకంటే ఒక పిసరు ముదురు. ఎదురుగా చూస్తే తెలియదు, ఫోటో తీస్తే తెలుస్తుంది. ఆయన డబ్బులు తీసుకోనంటే బలవంతాన ఇచ్చాం.

కొనేటప్పుడు ఏం చూడాలంటే, ముందు చేతిలోకి తీసుకోండి. ఆ సైజు చెక్క ఇంత తేలికా అనిపించాలి. అడుగు భాగం చూడండి, రంగు సరిగా పడని చోట కర్ర చార కనిపిస్తుంది. ఒకే అవతారం రెండు తెప్పించి పక్కపక్కన పెట్టించండి, చేత్తో చేసినవైతే కవల పిల్లల్లో ఉన్నపాటి తేడా అయినా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఇవేవీ కుదరవు. కొండపల్లి దాకా వెళ్లలేకపోతే ప్రభుత్వ హస్తకళల సంస్థ వాళ్ల లేపాక్షి షోరూములున్నాయి. ఇంట్లో మరీ చిన్నపిల్లలుండి బొమ్మ నోట్లో పెట్టుకునే వయసైతే దశావతారాల జోలికి పోకండి. సహజ రంగులతో చేసిన ఏటికొప్పాక లక్క బొమ్మలు అడిగి తీసుకోండి. ఆ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

నా లెక్కలో అసలు సెట్టుకి ఎక్కువ మార్కులే, కానీ అవి మా వీలుని బట్టి వేసిన మార్కులు: మేం ఏటా ఆ దారినే పోతాం, ఊడితే దిగి అతికించుకుంటాం. మిగతా తొమ్మిది పోత అవతారాలూ ఇప్పటికీ కొలువులో ఉన్నాయి, అన్నిటికన్నా కింది మెట్టు మీద, వదిన మాట పోకూడదు కాబట్టి. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు తనకీ ఒక సెట్టు పంపమంటోంది. అక్కడ చెయ్యి ఊడితే మక్కు పెట్టేదెవరు? పంపాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. పంపితే మాత్రం చేతులకి అడ్డంగా దూది పెట్టి, కాస్త మక్కు ముద్ద ఎండబెట్టి ఇవ్వగలరేమో పెద్దాయన్ని అడగాలి.