నాటు, పెరటి కోడిపిల్లలకు స్టార్టర్ దాణా: దుకాణంలో దొరికే రకాల్లో ఏది కొనాలి

దాణా దుకాణానికి వెళ్లి "కోడిపిల్లలకు దాణా ఇవ్వండి" అంటే చాలాచోట్ల బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్ (మాంసం కోళ్ల పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టే దాణా) బస్తా తీసి ఇస్తారు. ఎక్కువగా అమ్ముడయ్యేది అదే కాబట్టి. ఇంకో దుకాణంలో అయితే "గుడ్ల కోళ్ల పిల్లలండీ" అన్నారని లేయర్ మ్యాష్ (గుడ్లు పెట్టే పెద్ద కోళ్ల పొడి దాణా) కట్టి ఇస్తారు. మొదటిదానితో డబ్బు కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, అంతే. రెండోదానితో పిల్లలు చచ్చిపోతాయి. వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ, అసీల్, కడక్‌నాథ్, ఊరి నాటు పిల్లల్ని ఇరవై నుంచి రెండు వందల దాకా పెంచుకునేవాళ్లకు మార్కెట్లో దొరికే దాణాలు ఏ మేరకు పనికొస్తాయో ఇక్కడ చూద్దాం. బ్రాయిలర్ ఫారం లెక్క వేరు, దాని జోలికి పోవడం లేదు.

ముందే చెప్పేస్తాం: 20 శాతం ప్రొటీన్ ఉన్న లేయర్ చిక్ దాణా (గుడ్ల జాతి పిల్లల దాణా) క్రంబుల్ రూపంలో, అంటే చిన్న రేణువులుగా దొరికితే ఇక వేరేది వెతకనక్కర్లేదు. అది దొరకని ఊళ్లో బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్‌ను మొదటి మూడు వారాలు పెట్టి, ఆ తర్వాత బ్రాయిలర్ స్టార్టర్‌ను పలుచన చేసి పెట్టాలి. ఏ కంపెనీది అన్నదానికన్నా బస్తా మీద ఏం రాసుంది, ఎప్పుడు తయారైంది, విప్పితే ఎలా ఉంది అన్నవే ముఖ్యం.

బస్తాకు కుట్టిన చీటీలో ఏం చూడాలి

కోళ్ల దాణాకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం ఐఎస్ 1374. దాని 2007 సవరణ ప్రకారం లేయర్ చిక్ దాణాలో కనీసం 20 శాతం ప్రొటీన్, కిలోకి 2800 కిలో క్యాలరీల శక్తి ఉండాలి. బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్‌కి 23 శాతం, 3000. స్టార్టర్‌కి 22 శాతం, 3100. ఫినిషర్‌కి (అమ్మే ముందు వారాల్లో పెట్టేది) 20 శాతం, 3200. తేమ ఏ రకంలోనైనా 11 శాతం దాటకూడదు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఫినిషర్‌లో కూడా ప్రొటీన్ 20 శాతమే కనిపిస్తుంది, ధరేమో ప్రీ-స్టార్టర్ కన్నా తక్కువ. అంకె ఒకటే కదా అని అది కొంటే తప్పు. అది పెద్ద పెల్లెట్ (గుళిక), పిల్ల ముక్కుకు పట్టదు. శక్తి ఎక్కువ కావడంతో పిల్ల కొంచెం తినగానే ఆగిపోతుంది, దాంతో ఆ వయసుకు కావలసిన ప్రొటీన్, లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లం), విటమిన్లు కడుపులోకి చేరవు.

ప్రొటీన్ తర్వాత చూడాల్సింది కాల్షియం. మా దృష్టిలో ప్రొటీన్ కన్నా ముందే చూడాలి. పిల్లల దాణాలో కాల్షియం 1 శాతం దగ్గర ఉంటుంది. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో 3 నుంచి 4 శాతం ఉంటుంది, గుడ్డు పెంకు కోసం. ఆ దాణా పిల్లలకు పెడితే అదనపు కాల్షియాన్ని బయటికి పంపలేక మూత్రపిండాలు దెబ్బతింటాయి. చచ్చిన పిల్లను కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సుద్ద చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. పైకి కనిపించేది మాత్రం మందకొడితనం, తెల్లటి పలుచని రెట్ట. దాన్ని చూసి తెల్లపారుడు అనుకుని మందులు వేస్తారు, దాణా మాత్రం మార్చరు. చీటీ లేని విడి దాణా అయితే గుప్పెడు తీసి అరచేతిలో పరచండి. తెల్లటి గుల్ల ముక్కలు, సున్నపురాయి రవ్వ కళ్లకు కనిపిస్తే అది పెద్ద కోళ్లదే. నిమ్మకాయ పిండితే ఆ ముక్కల మీద నురగ పొంగుతుంది.

ఏ రకం ఎలా ఉంది

లేయర్ చిక్ దాణా మన దగ్గర ఎక్కువగా మ్యాష్‌గా, అంటే పొడి దాణాగా దొరుకుతుంది. పోషకాల లెక్కలో పెరటి పిల్లలకు అన్నిటికన్నా సరిపోయేది ఇదే. ఇబ్బంది రూపంతోనే. పిల్లలు మొక్కజొన్న ముక్కల్ని ఏరుకుని తిని మెత్తటి పొడిని వదిలేస్తాయి, విటమిన్లూ మెథియోనిన్ (ఇంకో అమైనో ఆమ్లం) ఉండేది ఆ పొడిలోనే. తొట్టి అడుగున పొడి మిగిలిందని పారబోసి కొత్తది పోయకండి. రోజుకొకసారి తొట్టి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగి అప్పుడు నింపండి. తొట్టిలో మూడో వంతుకు మించి పోస్తే కాళ్లతో గోకి సగం ఊకలో కలిపేస్తాయి. మొదటి వారంలో పొడి దాణా ముక్కుకు తడిగా అతుక్కుని గట్టిపడుతుంటే దాణా మరీ మెత్తగా మరపట్టారని అర్థం.

బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్ క్రంబుల్‌లో ఈ గొడవ లేదు. ఒక్కో రేణువులో అన్నీ కలిసే ఉంటాయి, ఏరుకోవడానికి వీలుండదు. గింజ పరిమాణం ఒకటి రెండు మిల్లీమీటర్లు కావడంతో ఒక రోజు వయసు పిల్ల కూడా సులువుగా తింటుంది. మొదటి వారంలో బలహీనంగా ఉన్న పిల్లల్ని నిలబెట్టడంలో దీనికి సాటి లేదు. అయితే పెరటి జాతులకు ఇంత గాఢమైన దాణా ఎక్కువ కాలం అవసరం లేదు. వనరాజా పిల్లలకు మొదటి వారాల్లో సుమారు 16 శాతం ప్రొటీన్, 2400 కిలో క్యాలరీలు చాలని దాన్ని రూపొందించిన హైదరాబాద్ కోళ్ల పరిశోధన సంస్థ సూచన. అంటే 23 శాతం దాణా ఆరు వారాలు పెడితే అదనపు ప్రొటీన్ రెట్టలో పోయి అమ్మోనియా వాసనగా మారుతుంది. బరువు పెంచే ఆ దాణా గ్రామప్రియ లాంటి గుడ్ల జాతులకు మంచిది కూడా కాదు.

అందుకే మూడు వారాలు నిండాక బ్రాయిలర్ స్టార్టర్ 70 పాళ్లు, మొక్కజొన్న రవ్వ 15, తాజా తవుడు 15 కలిపితే ప్రొటీన్ 18, 19 శాతం మధ్య కూర్చుంటుంది. ఖర్చూ తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: పలుచన చేసినప్పుడు అందులోని రక్తపారుడు (కాక్సిడియోసిస్) నివారణ మందు కూడా 70 పాళ్లకు పడిపోతుంది. రక్తపారుడు ఎక్కువగా వచ్చేది మూడో వారం నుంచి ఆరో వారం మధ్యే. కాబట్టి ఆ రోజుల్లో ఊక తడవకుండా చూసుకోవాలి, నీళ్ల తొట్టి చుట్టూ గడ్డకట్టిన ఊక రోజూ తీసేయాలి.

"నాటుకోడి స్టార్టర్" అని పేరు పెట్టుకుని ఇప్పుడు చాలా బస్తాలు వస్తున్నాయి. మంచివి ఉన్నాయి, పేరు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. బీఐఎస్‌లో నాటుకోడి అని విడిగా రకం లేదు కాబట్టి ఎవరి లెక్క వారిది. చీటీలో ప్రొటీన్, పీచు, కాల్షియం, తేమ అంకెలు స్పష్టంగా ఉండి, ప్రొటీన్ 18కి తగ్గకుండా, పీచు 7 శాతం దాటకుండా ఉంటే తీసుకోవచ్చు. అంకెలకు బదులు "సహజమైనది", "మూలికలతో" అని మాత్రమే రాసుంటే వదిలేయండి. ఒక చెంచా దాణాను గ్లాసు నీళ్లలో వేసి కలపండి. పైన తేలే ఊక, పొట్టు దళసరిగా కనిపిస్తే ప్రొటీన్ మాట అటుంచి పీచే ఎక్కువ. అడుగున చేరేదాన్ని వేళ్లతో నలపండి. డీసీపీ (డై కాల్షియం ఫాస్ఫేట్), సున్నపురాయి పొడి కొద్దిగా దిగడం మామూలే, గరుకుగా మెరిసేది దిగితే ఇసుక.

ఇక నూకలు. తల్లికోడి వెంట పురుగూ పుట్రా ఏరుకుని తిరిగే పిల్లలకు నూకలు పైమేతగా సరిపోతాయి. హేచరీ నుంచి తెచ్చి బ్రూడర్ (వెచ్చదనమిచ్చే దీపం) కింద పెట్టిన పిల్లలకు నూకలే దాణా అయితే అన్యాయం. నూకల్లో ప్రొటీన్ 8 శాతం దాటదు. రెండు వారాలయ్యేసరికి ఈకలు రాక, రెక్కలు వేలాడి, ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలవుతుంది. ఆ తర్వాత మంచి దాణా పెట్టినా వెనకబడిన పిల్ల మందతో సమానం కాదు. మొదటి రోజు మొక్కజొన్న రవ్వ చల్లడం మాత్రం మంచి అలవాటే, వెనుక రెట్ట అంటుకోవడం తగ్గుతుంది. రెండో రోజు నుంచి దాణాకు మారిపోవాలి.

సొంతంగా కలుపుకుంటే

వంద కిలోలకు: మొక్కజొన్న 52 కిలోలు, సోయా చెక్క 30, నూనె తీయని తాజా తవుడు 14, డీసీపీ 1.6, సున్నపురాయి పొడి 1.3, ఉప్పు 350 గ్రాములు, మెథియోనిన్ 150 గ్రాములు, లైసిన్ 100 గ్రాములు. మిగతా అరకిలోలో విటమిన్ మిశ్రమం, ఖనిజ మిశ్రమం, కోలిన్, టాక్సిన్ బైండర్ (బూజు విషాన్ని పట్టి ఉంచేది), రక్తపారుడు నివారణ మందు, వాటి ప్యాకెట్ మీద రాసిన మోతాదులో. ఇలా కలిపితే ప్రొటీన్ సుమారు 20 శాతం, శక్తి 2750 దాటి వస్తుంది. గ్రాముల్లో వేసేవాటిని నేరుగా కుప్ప మీద చల్లకండి. ముందు కిలో మొక్కజొన్న పిండిలో, దాన్ని అయిదు కిలోల్లో, ఆ తర్వాత మొత్తంలో కలపాలి. లేకపోతే ఒక తొట్టిలో మందు రెట్టింపు పడుతుంది, ఇంకో తొట్టిలో అసలుండదు.

తప్పు జరిగే చోట్లు తెలిసినవే. సోయా గింజల్ని పచ్చిగా మరపట్టించి వేస్తే అందులోని పదార్థం ప్రొటీన్ అరగకుండా అడ్డుపడుతుంది. వేడి చేసి నూనె తీసిన చెక్కే వాడాలి. వేరుశనగ చెక్క చవకే, కానీ అఫ్లాటాక్సిన్ (బూజు విషం) భయం అన్నిటికన్నా దానిలోనే ఎక్కువ, పిల్లలకు వద్దు. ఉప్పుచేపల పొడి కలిపితే ఉప్పు మోతాదు దాటి పిల్లలు నీళ్లు విపరీతంగా తాగి, రెట్ట నీళ్లలా పడుతుంది. పాతబడిన తవుడులో నూనె మక్కిపోయి విటమిన్ ఈ నాశనమవుతుంది. రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య పిల్ల తల వెనక్కి వాల్చి పడిపోతుంటే ముందు తవుడు వాసన చూడండి. కాలి వేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద కూర్చుంటుంటే బీ2 లోపం. విటమిన్ మిశ్రమం పాతదైనా, సరిగా కలవకపోయినా అలా జరుగుతుంది.

వందకు తక్కువ పిల్లలుంటే సొంత కలుపు దండగ అని మా అభిప్రాయం. మెథియోనిన్, విటమిన్ మిశ్రమం చిన్న ప్యాకెట్లలో దొరకడం కష్టం, విప్పిన పెద్ద ప్యాకెట్ తర్వాతి విడతకు పాడవుతుంది.

ఎంత కొనాలి, ఎలా దాచాలి

లేయర్ జాతి పిల్ల మొదటి వారం రోజుకు 10 గ్రాముల చొప్పున మొదలుపెట్టి ఆరో వారానికి 40 గ్రాములకు వస్తుంది. ఆరు వారాలకు మొత్తం కిలోకి కాస్త అటూఇటూ. వనరాజా లాంటి బరువు జాతులకు కిలోన్నర దాకా లెక్క వేసుకోండి. పాతిక పిల్లలకు యాభై కిలోల బస్తా ఎక్కువే. వానాకాలంలో విప్పిన బస్తా నెలకు మించి ఉంచితే తేమ పీలుస్తుంది. తెలిసినవాళ్లతో కలిసి ఒక బస్తా పంచుకోవడం విడి దాణా కొనడం కన్నా మేలు. దుకాణంలో మూతి తెరిచి ఉంచిన బస్తాలో ఎలుకల రెట్ట, తేమ, పాత సరుకు కలవడం అన్నీ ఉంటాయి. తయారీ తేదీ నెల దాటిన బస్తా ఎంత తక్కువకు ఇచ్చినా పిల్లలకు తీసుకోకండి.

బస్తాను నేల మీద పెట్టొద్దు. చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టాలి. గడ్డలు కట్టిన దాణాను చిదిపి, ఎండబెట్టి వాడడం చాలామంది చేసే పని. ఎండకు బూజు చావొచ్చు, అది వదిలిన అఫ్లాటాక్సిన్ చావదు. గడ్డ కనిపించిన దాణా పిల్లలకు పెట్టకుండా పారేయాల్సిందే.

దాణా సరిగా అందుతోందో లేదో తెలుసుకోవడానికి తొట్టిని కాదు, పిల్లను పట్టుకోవాలి. తెచ్చిన మర్నాడు పొద్దున్నే పది పిల్లల్ని తీసి మెడ కింద కుడివైపు సంచిని వేలితో తాకండి. నిండుగా, మెత్తగా, గంజి నింపినట్టుంటే దాణా, నీళ్లు రెండూ అందాయి. గట్టిగా గింజలు తగులుతుంటే నీళ్లు చాలలేదు. ఉబ్బినా లోపల నీళ్లలా జారుతుంటే దాణా దొరకలేదు. అలాంటప్పుడు తొట్టి పక్కన పెట్టి, కాగితం పరచి దాని మీద పలుచగా చల్లండి. కాగితం చప్పుడుకు మిగతావి కూడా వచ్చి ముక్కుతో పొడుస్తాయి.

మందుల సంగతి. రెడీమేడ్ స్టార్టర్లలో సాలినోమైసిన్, మదురామైసిన్ లాంటి రక్తపారుడు నివారణ మందు ఉండే అవకాశం ఎక్కువ, చీటీలో పేరు వెతకండి. అది ఉన్న దాణా తింటున్న పిల్లలకు గురక జబ్బుకని టియాములిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. రెండూ కలిస్తే కాళ్లు చచ్చుబడి మంద పోతుంది. పశువైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చీటీ చేతిలో పట్టుకెళ్లండి. కోళ్లతోపాటు టర్కీ పిల్లలు ఉంటే సాలినోమైసిన్ దాణా వాటి దగ్గరికి రానీయకండి, టర్కీలకు అది విషం. బాతు పిల్లలకైతే నియాసిన్ (బీ3 విటమిన్) కోళ్ల కన్నా ఎక్కువ కావాలి. మందు కలపని చిక్ దాణా తీసుకుని, నీళ్లలో బీ-కాంప్లెక్స్ కలిపి ఇస్తే కాళ్లు వంకర పోవు. పెరుగుదల కోసమని దాణాలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ కలిపి ఇస్తామని ఎవరైనా చెబితే ఆ దుకాణం మానేయండి. పశువులకూ కోళ్లకూ దాన్ని 2019 జూలైలోనే కేంద్రం నిషేధించింది.

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య గ్రోయర్ దాణాకు (ఎదిగే కోళ్ల దాణా) మార్చేటప్పుడు నాలుగు రోజులు పట్టనివ్వండి: ముప్పావు పాత దాణా, తర్వాత సగం సగం, ఆ తర్వాత పావు పాతది. కొత్త బస్తా విప్పిన రోజే అరకిలో తీసి గాజు సీసాలో పోసి, దాని చీటీతో సహా మూత బిగించి దాచండి. పిల్లలు జబ్బు పడితే పరీక్షకు పంపడానికి తొట్టిలో మిగిలిన దాణా పనికిరాదు, ఆ సీసాలోదే పనికొస్తుంది. పరీక్ష ఎక్కడ చేస్తారో మీ జిల్లా పశుసంవర్ధక శాఖ కార్యాలయంలో అడగొచ్చు.