లైట్ బాక్సా, పొద్దుటి ఎండా: డిప్రెషన్‌కి ఏది మేలు?

డిప్రెషన్‌కి వెలుతురుతో వైద్యం ఉందని తెలియగానే చాలామంది ఫోన్‌లో లైట్ బాక్సుల (ముందు కూర్చుంటే మొహం మీద బాగా వెలుగు పడేసే దీపాల పెట్టెలు) రేట్లు చూడటం మొదలుపెడతారు. తిరుపతిలో ఉంటూ, లేచి తిరగగలిగే వాళ్లకి నేనైతే ముందు డాబా ఎక్కమంటాను.

ఈ వైద్యానికి పేరొచ్చింది చలికాలంలో పగలు బాగా కుంచించుకుపోయే దేశాల్లో. చలికాలంలో వచ్చిపోయే డిప్రెషన్ గురించి అమెరికాలో నార్మన్ రోజెంతాల్ బృందం 1984లో రాసింది. మన తిరుపతిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటన్నర చిల్లరే. అలాగని మనకు పనికిరాదని కాదు. కాలంతో సంబంధం లేని డిప్రెషన్‌లోనూ, ముఖ్యంగా మందులతో కలిపి వాడితే ఫలితం ఉంటుందని 2016లో వచ్చిన కెనడా అధ్యయనం చూపింది.

లెక్కకొస్తే, బాక్సు మామూలు మోతాదు 10,000 లక్స్ (వెలుగును కొలిచే కొలత), నిద్ర లేచాక అరగంట. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద మనకు అందేది 100 నుంచి 300 లక్స్. అదే బయట, మబ్బు పట్టిన రోజైనా, పొద్దెక్కాక వేలల్లో ఉంటుంది. సూర్యుడు కాస్త పైకి వచ్చాక డాబా మీద అటూ ఇటూ తిరిగితే చాలు. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు. అలిపిరి మెట్ల దారి నడకకు మంచిదే గానీ, చాలా దూరం పైకప్పు ఉంది కాబట్టి వెలుతురు కోసమైతే డాబానే నయం.

మరి బాక్సు ఎవరికి? నైట్ షిఫ్టు చేసేవాళ్లకి, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని పెద్దవాళ్లకి, నవంబరు ముసురు రోజులకి. ఇంకొకరున్నారు: గుమ్మం దాటితే "ఏంమ్మా, ఇట్లా చిక్కిపోయినావే" అని ఎదురింటావిడ అడుగుతుందని భయపడేవాళ్లు. డిప్రెషన్‌లో ఆ ఒక్క పలకరింపే కొండంత బరువు. వాళ్లు టిఫిన్ తింటూ బాక్సు ముందు కూర్చోవచ్చు.

కొనేటప్పుడు అట్టపెట్టె మీది చిన్న అక్షరాలు చదవండి. పైన పెద్దగా 10,000 లక్స్ అని ఉంటుంది, కింద ఎక్కడో "15 సెంటీమీటర్ల దూరంలో" అని ఉంటుంది. అంత దగ్గరగా మొహం పెట్టి అరగంట ఎవరు కూర్చుంటారు? అడుగున్నర, రెండడుగుల దూరంలో ఆ వెలుగు రావాలి, అతినీలలోహిత కిరణాలు వడకట్టి ఉండాలి. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది.

బైపోలార్ (మూడ్ కొన్నాళ్లు బాగా పైకి, కొన్నాళ్లు బాగా కిందికి పోయే జబ్బు) ఉన్నవాళ్లకి బాక్సు వల్ల మూడ్ ఒక్కసారిగా పైకి ఎగబాకే ప్రమాదం ఉంది. షుగర్ వల్ల రెటీనా (కంటి లోపలి వెనక పొర) దెబ్బతిన్నవాళ్లు ముందు కళ్ల డాక్టర్‌ని అడగాలి. ఎండైనా, బాక్సైనా, వాడుతున్న మాత్రలు సొంతంగా ఆపొద్దు. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే వెలుతురు పనిచేసేదాకా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రైనా పగలైనా ఎత్తుతారు.