పాప కాలేజీ బస్సు ట్యాప్ కార్డు, ఏడాది వాడాక

మా పాప ఇంటర్ సెకండియర్ అండి, అమలాపురంలో చదువుతోంది, మేముండేది పి.గన్నవరం అవతల లంకలో. పోయినేడు కాలేజీవాళ్లు బస్సులకి ట్యాప్ కార్డు పెట్టారు, 300 తీసుకున్నారు. డోరు పక్కన చిన్న మిషను, కార్డు ఆనించగానే టిక్కుమంటుంది, ఆ వెంటనే నాకు మెసేజ్ వచ్చేస్తుంది, అక్విడెక్టు సెంటర్లో 7.42కి ఎక్కింది అని. దిగినప్పుడు ఇంకోటి.

ముందు మంచి చెప్పాలి. ఆగస్టులో గోదారి పోటెత్తినప్పుడు దీని విలువ తెలిసింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, ఆ రెండోది వచ్చేసరికి మా కాజ్‌వే ఎప్పుడో మునిగిపోయి ఉంటుంది, ఇక పడవే గతి. పిల్లల్ని కాలేజీకి ఫోన్ తేనివ్వరు కదా, ఆ రోజు 3.20కి బస్సెక్కిందని మెసేజ్ రాగానే వాళ్ల నాన్న రేవులో వెళ్లి నిలబడ్డారు. ఆ ఒక్క మెసేజ్‌కి చేతులెత్తి దండం పెట్టానండి.

ఇప్పుడు అసలు సంగతి. జనవరిలో ఫీజు బాకీల లిస్టని బస్సు ఇన్‌చార్జి గారు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒక ఎక్సెల్ షీటు పెట్టారు. తెరిచి చూస్తే ఫీజులొకటే కాదు, పిల్లల పేర్లు, మా ఫోన్ నంబర్లు, ఏ స్టాపు, నెలంతా ఏ రోజు ఎన్నింటికి ఎక్కారు ఎన్నింటికి దిగారు అన్నీ వరసగా ఉన్నాయి. మా పాపది 63వ లైను. మంగళవారం, గురువారం స్టడీ అవర్ ఉంటుంది, ఆ రెండ్రోజులూ 6.10 బస్సు, మిగతా రోజులు 4.30. ఆ లైను ఒక్క నిమిషం చూస్తే చాలు, ఈ పిల్ల ఏ రోజు చీకటి పడ్డాక ఎక్కడ దిగుతుందో ఎవరికైనా తెలిసిపోతుంది. నాకు ఒళ్లంతా చల్లబడిపోయింది. ఫోన్ చేస్తే, అందులో ఏముందండీ మేడమ్, గ్రూపులో అందరూ మనోళ్లే కదా అన్నారు. సాయంత్రానికి తీసేశారు గానీ అప్పటికి ఎన్ని ఫోన్లలోకి దిగిపోయిందో.

పల్లెవెలుగు కండక్టరుకీ మేమెక్కడ దిగుతామో తెలుసు, ఎవరి పిల్లో కూడా తెలుసు. కానీ ఆయనిచ్చే టికెట్ మీద పేరుండదు, ఏడాది కిందట మేమెక్కడికెళ్లామో ఆయనకి గుర్తూ ఉండదు. మిషను అలాక్కాదు, అన్నీ దాచిపెట్టుకుంటుంది.

పేర్లు తీసేస్తే సరిపోతుంది కదా అని గ్రూపులో ఒకరన్నారు. సరిపోదండి. మెల్‌బోర్న్‌లో మైకీ అని ఇలాంటి ట్రాన్స్‌పోర్టు కార్డే ఉంది, 2018లో కోటిన్నర కార్డుల ప్రయాణాల డేటాని పేర్లు లేకుండానే ఒక డేటా పోటీకి ఇచ్చారు, అయినా అక్కడి యూనివర్సిటీ వాళ్లు అందులో తమ కార్డుల్ని, తోటి ఉద్యోగి కార్డుని, ట్వీట్లు దగ్గర పెట్టుకుని ఒక ఎమ్మెల్యే కార్డుని కూడా పట్టేశారు. మనకీ 2023 డేటా చట్టం ఉంది, 18 ఏళ్ల లోపు పిల్లల్ని ట్రాక్ చెయ్యకూడదనే అందులో రాశారు, తర్వాతొచ్చిన రూల్స్‌లో కాలేజీ బస్సుల్లాంటి వాటికి సడలింపు ఇచ్చారు గానీ అది దార్లో పిల్లల క్షేమం కోసం లొకేషన్ చూసుకోడం వరకే. ఫీజు లిస్టులో వెయ్యడానికి కాదు.

ఇంకోటి, కార్డు మీదే పాప పేరు, ఊరు, నా నంబరు అచ్చేశారు, ఎక్కడైనా పడిపోతే అంతే. బస్సులు, మెట్రోల కార్డులైతే అందులో ఉండే డబ్బు 3000 రూపాయల దాకా కేవైసీ, అంటే మనమెవరో చూపించే రుజువులు, లేకుండానే ఇవ్వొచ్చని 2024లో రిజర్వ్ బ్యాంకే చెప్పింది, మరి కాలేజీ కార్డుకి మాత్రం ఒక నంబరు చాలదా?

మెసేజ్ సర్వీసుకి 5కి 5 ఇస్తాను, డేటా చూసుకునే పద్ధతికి 1. మీ పిల్లలకి కార్డు తీసుకునే ముందు ఆ డేటా ఎవరెవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని తప్పకుండా అడగండి. కార్డు మీద పేరు తీసేసి నంబరు వెయ్యమని, నెలయ్యాక టైములు చెరిపెయ్యమని నేను కాగితం రాసిచ్చి, ముట్టినట్టు సంతకం కూడా పెట్టించుకున్నాను. షీట్లు పెట్టడం మానేశారు. చెరిపేసే సంగతి మీద జవాబు ఇంకా రాలేదు, సోమవారం మళ్లీ వెళ్తున్నాను.