డకార్‌లో అన్నం మధ్యాహ్నం, పాట అర్ధరాత్రి

ముందు బిల్లు చూడండి. సెనెగల్ రాజధాని డకార్‌లో, అల్మాదీ వైపు సముద్రం ఒడ్డున, రాత్రి ఎనిమిదిన్నరకు భోజనమూ సంగీతమూ ఒకే టికెట్టు మీద అమ్మే రెస్టారెంటు. పేరెందుకులెండి. మనిషికి చేప అన్నం 8,500 ఫ్రాంకులు, బిస్సాప్ అనే పానీయం గ్లాసు 2,500, నీళ్ళ సీసా 2,000, పాటకు 5,000. వెరసి 18,000. ఇక్కడి సీఎఫ్ఏ ఫ్రాంకును యూరోకు 655.957 చొప్పున కట్టేశారు కాబట్టి లెక్క సులువు: 27 యూరోల పైచిలుకు, యూరో వంద రూపాయలనుకుంటే 2,700 దాటింది. దీనికి దక్కిందేమిటంటే, పొద్దున వండి రాత్రి మళ్ళీ వేడిచేసిన అన్నం, పదకొండు దాటేదాకా మైకులు తట్టి చూసుకుంటూ కూర్చున్న బృందం. పాట మొదలయ్యేసరికి పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోయారు. పెద్దవాళ్ళు, ఈ చోటు ఎంచినదెవరో తేల్చే పనిలో పడ్డారు.

తప్పు పూర్తిగా ఆ రెస్టారెంటుది కూడా కాదు. డకార్‌లో మంచి అన్నం మధ్యాహ్నం ఒంటిగంటకు దించుతారు. మంచి పాట అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. రెండిటికీ మధ్య పదకొండు గంటల దూరం ఉంది. ఎనిమిదిన్నరకు ఈ రెండూ కలిపి పెడతామనేవాళ్ళు ఒకటి చల్లారాక పెడతారు, రెండోది ఉడక్కముందే పెడతారు. ఈ ఊళ్ళో తిండికీ పాటకూ విడివిడిగా వెళ్ళాలి. ఖర్చు కూడా తగ్గుతుంది.

తిండి సంగతి ముందు. ఆ వంటకం పేరు చెబు జెన్. వోలోఫ్ భాషలో చెబ్ అంటే అన్నం, జెన్ అంటే చేప. 2021లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ తర్వాత ప్రతి హోటల్ మెనూలోనూ రాత్రిపూట కూడా ఈ పేరు కనిపిస్తోంది. సెనెగల్ ఇళ్ళలో మాత్రం ఇది మధ్యాహ్నపు వంట. పేటల్లోని చిన్న హోటళ్ళలో పలక మీద సుద్దతో ఆ రోజు వంట పేరు రాసిపెడతారు, ప్లా దు జూర్ అని. పళ్ళెం 1,500 నుంచి 2,500 ఫ్రాంకుల్లో వస్తుంది. ఒంటిగంటకల్లా వెళ్ళి కూర్చోండి. మూడింటికి వెళ్తే గిన్నె కడుగుతూ కనిపిస్తారు.

ఇది ఎందుకు మళ్ళీ వేడిచేయకూడదో వండే తీరు చూస్తే తెలుస్తుంది. చేప ముక్కకు గాట్లు పెట్టి, కొత్తిమీర జాతి ఆకు, వెల్లుల్లి, మిరప కలిపి నూరిన ముద్దను లోపలికి కూరుతారు. దాన్ని రోఫ్ అంటారు. చేపను నూనెలో వేయించి తీసి, అదే నూనెలో టమాటా ముద్దను పచ్చివాసన పోయి రంగు ముదిరేదాకా వేపుతారు. నీళ్ళు పోసి చేప, క్యాబేజీ, క్యారెట్, కర్రపెండలం, వంకాయ, జఖతు అనే చేదు వంకాయ పెద్ద పెద్ద ముక్కలుగా వేసి మరిగిస్తారు. గెజ్ అనే ఎండు చేప, యెత్ అనే పులియబెట్టిన సముద్రపు నత్త చిన్న ముక్కా పడతాయి. ఆ రెండూ లేకపోతే స్థానికులు చప్పన అంటారు. ముక్కలన్నీ ఉడికాక పైకి తీసి, అప్పటికే ఆవిరి మీద సగం ఉడికించిన బియ్యాన్ని ఆ పులుసులో పోసి మూత బిగిస్తారు. ఆ బియ్యం నూకలు. కావాలనే నూకలు వాడతారు. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఇండోచైనా నుంచి దిగిన నూకలకు నాలుక అలవాటుపడింది, తర్వాత అదే రుచిగా స్థిరపడింది. పొట్టి గింజ పులుసునూ నూనెనూ పూర్తిగా పీల్చుకుంటుంది. చల్లారితే గట్టిపడుతుంది. మళ్ళీ వేడిచేస్తే నూనె బయటికి కారి, గింజ ఇసుకలా నోట్లో మెదులుతుంది. మీ పళ్ళెం అంచున ఎర్రటి నూనె విడిగా నిలిచి ఉంటే అది నిన్నటిదో పొద్దుటిదో అని అర్థం.

మన ఊళ్ళో నూకలంటే ఉప్మాకో కోళ్ళకో అనుకునేవాళ్ళు ఇక్కడ కొంచెం సర్దుకోవాలి. కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు బియ్యం ఓడలెక్కడం కొత్తేమీ కాదు. 2022 సెప్టెంబరులో భారత ప్రభుత్వం నూకల ఎగుమతి ఆపేసి, 2025 మార్చిలో మళ్ళీ తెరిచింది. మనకు వార్తాపత్రికలో మూలన పడ్డ ఆ వార్త, డకార్ వంటింట్లో మధ్యాహ్నపు గిన్నెకు సంబంధించినది.

అడగాల్సిన వస్తువు మరొకటి ఉంది: ఖోఞ్. అంటే అడుగంటిన అన్నం, మన మాడుచెక్క. దీన్ని పారేయరు, గీకి పళ్ళెం పక్కన పెడతారు. ముందొచ్చినవాళ్ళకే దొరుకుతుంది కాబట్టి కూర్చోగానే అడగండి. పక్కనే నిమ్మ ముక్క, చింతపండు గుజ్జు ఉంటాయి. వోలోఫ్‌లో చింతను దఖార్ అంటారు, ఊరి పేరు అందులోంచే పుట్టిందని ఒక కథ. పళ్ళెం మీద పండు మిరపకాయ ఒకటి చెక్కుచెదరకుండా కూర్చుని ఉంటుంది. దాని పేరు కాని. ఆంధ్రా కారం తిన్నవాళ్ళం, ఇదెంత అనుకుని కొరికితే ఆ పూట భోజనం అక్కడితో సరి. వంటలో కారం తక్కువే. ఆ కాయను చెంచాతో నొక్కి, ఊరిన రసం అన్నంలో కలుపుకోవాలి, కాయను పక్కకు నెట్టేయాలి.

గోంగూర ప్రియులకు ఒక శుభవార్త. బిస్సాప్ అంటే మన ఎర్ర గోంగూర మొక్కే. దాని ఎర్రటి పూదొప్పలను నానబెట్టి చేసే పానీయం అన్ని చోట్లా దొరుకుతుంది. ఆకుతో చేసే పుల్లటి ముద్దను మాత్రం అడిగితేనే పెడతారు. దాని పేరు బెగెజ్. బెండకాయ కలుస్తుంది కాబట్టి కాస్త జిగురుగా ఉంటుంది. కళ్ళు మూసుకుని తింటే గుంటూరు దాకా పోకపోయినా దారి మాత్రం అదే. పానీయాల్లో చక్కెర విపరీతం. ముందే కలిపి ఉంచుతారు కాబట్టి తగ్గించమంటే లాభం లేదు, ఐసు ఎక్కువ వేయించుకోండి. బావోబాబ్ కాయ గుజ్జుతో చేసే బుయ్ చిక్కగా, మజ్జిగ పులుపుతో ఉంటుంది. ఎండలో నడిచొచ్చాక అదే మేలు.

చేప దగ్గర మోసం జరిగే వీలుంది. ఇక్కడ చేపల్లో దొర తియోఫ్, మెత్తగా, ముళ్ళు తక్కువగా ఉండే పెద్ద చేప. అందగాణ్ణి, అందులోనూ డబ్బున్నవాణ్ణి, ఆడపిల్లలు తియోఫ్ అనే అంటారు. పట్టీ పట్టీ ఆ చేప కరువైంది, ధర ఆకాశాన ఉంది. అందుకని మెనూలో తియోఫ్ అని రాసి పళ్ళెంలో ఇంకేదో పెట్టడం మామూలైపోయింది. కాల్చిన చేప అడిగేచోట పచ్చి చేపను చూపించమనండి, మీరు చూసినదే పొయ్యి మీదికి వెళ్ళాలి. బరువును బట్టి ధర అయితే, కాల్చక ముందే అంకె చెప్పించుకోండి. సుంబెజున్ రేవులో సాయంత్రం పడవలు ఒడ్డుకు చేరే వేళ వెళ్తే ఏ చేప ఏ రంగులో ఉంటుందో ఉచితంగా నేర్చుకోవచ్చు. వాసన భరించగలిగితేనే.

శాకాహారులను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు ముందే మాట్లాడుకోవాలి. "మాంసం వద్దు" అంటే చేప పెడతారు. "చేప కూడా వద్దు" అంటే చేప ముక్క తీసేసి అదే అన్నం పెడతారు. యాస్సా అనే ఉల్లి, నిమ్మ, ఆవపిండి కూర పేరు వింటే ఆశ పుడుతుంది గానీ, కోడి లేకుండా చేసినా అందులో మాంసపు సారం కలిసిన మసాలా బిళ్ళ పడుతుంది. వేరుశెనగ ముద్దతో చేసే మాఫే మన పల్లీల పులుసులా నోరూరిస్తుంది, దానిలోనూ మాంసమే ముందు ఉడుకుతుంది. నిశ్చింతగా తినగలిగేవి వీధిలో ఉన్నాయి. అలసందలు నానబెట్టి పొట్టు తీసి రుబ్బి వేయించే అక్కరా అచ్చంగా మన బొబ్బర్ల వడే. టమాటా మిరప సాసు పక్కన ఇస్తారు. సాయంత్రం వీధి మలుపుల్లో బాణలి పెట్టుకున్న ఆడవాళ్ళ దగ్గర కొనండి. పొద్దున అయితే అలసందల కూరను పొడుగు రొట్టెలో పెట్టి ఇచ్చే ఎన్‌దంబే దొరుకుతుంది, ఏ నూనెలో వండారో ఒకసారి అడిగి తినండి. ఇవి తెలియక మూడు పూటలు వేయించిన బంగాళాదుంపలతో గడిపినవాళ్ళ మొహం నాలుగో రోజుకు చూడలేం.

ఇప్పుడు పాట. మధ్యాహ్నం కడుపునిండా తిన్నాక రాత్రి భోజనం తేలిగ్గా కానిచ్చి, వీలైతే ఒక కునుకు తీసి, పన్నెండుకు బయల్దేరాలి. పోస్టరు మీద పది గంటలని ఉంటే అది తలుపు తీసే వేళ. ఆ వేళకే వెళ్తే ఖాళీ కుర్చీల మధ్య రికార్డు పాటలు వింటారు. పెద్ద గాయకుడి రాత్రయితే అసలు మనిషి ఒంటిగంట దాటాకే వేదిక ఎక్కుతాడు.

అందరికీ అంత ఓపిక ఉండదు. త్వరగా ముగించాలంటే రెండు దారులు. మొదటిది సాంస్కృతిక కేంద్రాలు: ప్లాటో పేటలోని ఫ్రెంచి కేంద్రపు ఆరుబయటి రంగస్థలం, మదీనా వైపు దూతా సెక్ భవనం. అక్కడి కచేరీలు కాస్త మర్యాదైన వేళకు మొదలవుతాయి. రెండోది, సల్సా వాయించే భోజనశాలలు. డకార్‌కు క్యూబా సంగీతం మీద పాత ప్రేమ. 1970లో పుట్టిన ఆర్కెస్ట్రా బావోబాబ్ ఆ బాణీలోనే పేరు తెచ్చుకుంది. సల్సా వాయించేవాళ్ళు తొమ్మిదికల్లా మొదలుపెడతారు, పక్కనున్నవాడి మాట కూడా వినిపిస్తుంది. పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్తే ఇదే ఎంచుకోండి.

అసలు డకార్ వినిపించేది మాత్రం ఎంబలాఖ్ అనే డప్పుల బాణీలోనే. సెనెగల్ గాయకుడు యూసు న్‌దూర్ ప్రపంచానికి చేర్చింది దీన్నే. సబార్ అనే నిలువు డప్పులను ఒక చేతిలో పుల్లతో, రెండో చేతి అరచేతితో వాయిస్తారు. వాటి మీద తామా ఉంటుంది. చంకలో ఇరికించి తాళ్ళు నొక్కుతుంటే స్వరం హెచ్చుతూ తగ్గుతూ మాట్లాడుతున్నట్టే పలుకుతుంది. తాళం ఎక్కడ పడుతుందో మొదటి గంటలో అందదు, చప్పట్లు కొట్టబోతే పక్కవాళ్ళు నవ్వుతారు. కాసేపు ఊరుకుని పాదాలు చూడండి. జనంలోంచి ఒకరు లేచి డప్పుల ముందుకు వెళ్ళి, అర నిమిషం గాలిలోకి కాళ్ళు విసిరి, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుంటారు. ఆ అర నిమిషానికి డప్పు వాళ్ళ కాళ్ళను వెంటాడుతుంది, వాళ్ళు డప్పును వెంటాడరు.

కూర్చునే చోటు ముఖ్యం. పైకప్పు తక్కువగా ఉన్న గదిలో స్పీకరు పక్కన కూర్చుంటే సబార్ దెబ్బ చెవిలో గింగురుమంటుంది. పెరట్లో, వేదికకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, సౌండు బల్ల దగ్గర కూర్చోండి. అక్కడ వినిపించేదే వాళ్ళు సరిచేసుకునే శబ్దం. ప్రవేశ రుసుములో ఒక డ్రింకు కలిసి ఉందో లేదో తలుపు దగ్గరే అడగాలి. కలిసి ఉంటే టోకెన్ ఇస్తారు. అది పోగొట్టుకుంటే మళ్ళీ కొనాల్సిందే.

తామా వాయించేవాడు బల్ల దగ్గరికి వచ్చి మీ పేరు అడిగి పాటలో కలిపేస్తే కంగారు పడొద్దు. వంశాలను పొగిడి పాడటం గెవెల్ కులస్థుల తరతరాల వృత్తి. మన భట్రాజుల్ని గుర్తు తెచ్చుకోండి. పొగడ్తకు నోటు ఇవ్వడం మర్యాద, అడుక్కోవడం కింద లెక్క కాదు. 1,000 ఫ్రాంకుల నోటు చాలు. చేతిలో పెట్టినా సరే, నుదుటికి అద్దినా సరే. 10,000 నోటు తీస్తే మాత్రం మీ ముత్తాత దాకా పొగుడుతాడు, తాతల పేర్లు తెలియకపోయినా. చిల్లర తిరిగి ఇమ్మని అడగడం కుదరదు.

చిల్లర కరువు అసలే ఈ ఊరి జబ్బు. 10,000 నోటు చూపిస్తే టాక్సీవాడూ అక్కరా అమ్మే ఆమే కూడా తల అడ్డంగా ఊపుతారు. పెద్ద నోట్లను సూపర్ మార్కెట్లో విడిపించుకుని 500, 1,000, 2,000 నోట్లు జేబులో ఉంచుకోండి. స్థానికులంతా వేవ్ యాప్‌తో ఫోన్లోనే కట్టేస్తారు. ఇక్కడి సిమ్ లేనివాళ్ళకు నగదే గతి. కార్డు తీసుకుంటామని బోర్డున్న చోట కూడా రాత్రి ఒంటిగంటకు యంత్రం పనిచేయదు. టాక్సీలకు మీటరు ఉండదు. ఎక్కకముందే ధర తేల్చాలి, లేదా యాంగో యాప్‌లో అంకె చూసి దాని దగ్గరికి బేరం దించాలి.

రంజాన్ నెలలో పాట కోసం రావద్దు. చాలా వేదికలు మూతపడతాయి, పగటి హోటళ్ళూ తగ్గుతాయి. మగాల్ అనే ముస్లిం యాత్ర రోజుల్లో సగం ఊరు తూబా అనే పుణ్యక్షేత్రానికి తరలిపోతుంది. వారంలో మంచి రోజు శుక్రవారం. మధ్యాహ్నం నమాజు తర్వాత గిన్నెలు పెద్దవిగా దిగుతాయి, ఆ రాత్రే మంచి బృందాలు వాయిస్తాయి.

తెల్లవారుజామున మూడింటికి క్లబ్బులోంచి బయటపడితే ఆకలేస్తుంది. అప్పటికి దిబి కొట్టు ఒక్కటే తెరిచి ఉంటుంది. కట్టెల మీద కాల్చిన గొర్రె మాంసాన్ని కత్తితో కొట్టి, ఉల్లిపాయ, ఆవ ముద్దతో గోధుమరంగు కాగితంలో చుట్టి ఇస్తారు. అమ్మేది బరువు లెక్కన. ఎంత డబ్బుకు కావాలో చెప్పకుండా ఎంత బరువు కావాలో చెప్పండి, తక్కెడ మీద వేశాక ఎముకలు ఎక్కువైతే అప్పుడే మార్చమనండి. ఒకసారి కాగితం చుట్టాక ఎవరూ వినరు.