వికీపీడియాలో సాఫ్ట్‌వేర్ పేజీలు: పదిహేనేళ్లు వాడాక నా అభిప్రాయం

ఆఫీసులో సర్వర్లు చూసుకోవడం నా పని. కొత్త సాఫ్ట్‌వేర్ పేరు వింటే ముందు ఇంగ్లీషు వికీపీడియా తెరుస్తాను. ఇంటర్నెట్‌లో వెళ్లే సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్ లాంటి పేరున్నవాటి పేజీలకు మంచి మార్కులే వేస్తాను. 2014లో దాంట్లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం గురించి అక్కడ దాపరికం లేదు. ఓపెన్ఆఫీస్‌ను నడిపే సన్ కంపెనీని ఒరాకిల్ కొన్నాక, 2010లో ఆ ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ నుంచి లిబ్రేఆఫీస్ ఎలా విడిపోయిందో నేను తెలుసుకున్నదీ అక్కడే. ఇబ్బందంతా ఒకే కంపెనీ అమ్ముకునే, పెద్దగా ఎవరూ చూడని సాఫ్ట్‌వేర్ల పేజీలతోనే.

కొన్నేళ్ల కిందట బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొనాల్సి వచ్చింది. ఒకదాని వికీ పేజీలో సదుపాయాల జాబితా బారెడుంది. నమ్మి మేనేజరుకు సిఫారసు చేశాను. తర్వాత సేల్స్ మనిషి వచ్చి బ్రోషర్ చేతిలో పెట్టాడు. రెండో పేరా చదువుతుంటే ఎక్కడో చదివినట్టే అనిపించింది. ఫోన్‌లో వికీ పేజీ తెరిచి పక్కన పెట్టుకుని చూశాను. కామాలతో సహా మక్కీకి మక్కీ! ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే 'చరిత్ర' నొక్కితే ఆ పేరా మొత్తం ఒకే రోజు, ఒకే ఖాతా నుంచి వచ్చింది. ఆ ఖాతా ఇంకే పేజీనీ ముట్టుకోలేదు. తొమ్మిది మూలాల్లో ఏడు కంపెనీ సొంత సైటువే. సిఫారసు చేసింది నేనే కాబట్టి ఆ రాత్రంతా టెన్షన్. మర్నాడే మేనేజరుకు సంగతి చెప్పి, కొనేముందు రీస్టోర్ చేసి, అంటే బ్యాకప్ నుంచి డేటాను వెనక్కి తెచ్చి, చూద్దామని పట్టుబట్టాను. మా పెద్ద డేటాబేస్ దగ్గరికొచ్చేసరికి అది మధ్యలోనే ఆగిపోయింది.

వ్యాసం గురించి మాట్లాడుకునే చర్చ పేజీలో ఆ రెండు పేరాలనూ పోల్చి రాశాను. వారంలోపే ఎవరో ఆ కాపీ తీసేశారు. "మా కంపెనీ రాసుకున్నదే కదా, పెడితే తప్పేంటి?" అని ఆ ఖాతా నుంచి జవాబొచ్చింది. చాలామంది తడబడేది ఇక్కడే. సొంత రాతే అయినా, ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇచ్చినట్టు రుజువు చూపాలి. చూపించినా సరే, అమ్మేవాడి మాట తటస్థమైపోదు. కాపీహక్కుల సంగతి వేరు, తటస్థ దృక్కోణం సంగతి వేరు.

నన్ను బాధపెట్టేది ఆ తర్వాత జరిగింది. మూడు నెలలు తిరిగేసరికి అవే సదుపాయాలు మాటలు మార్చుకుని మళ్లీ పేజీలోకి వచ్చేశాయి. ఈసారి కాపీ అనడానికి లేదు, అబద్ధమూ లేదు. ధర లేదు, రీస్టోర్ ఊసే లేదు, అంతే. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ మాట బయటపెట్టి తీరాలని 2014 నుంచి నిబంధన ఉంది. 2015లో, డబ్బు తీసుకుని ప్రచార వ్యాసాలు రాసిన ఆరెంజ్‌మూడీ అనే ముఠా వ్యవహారంలో 381 ఖాతాలను నిరోధించారు కూడా. అయినా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఎన్ని పేజీలకని కాపలా కాస్తారు?

తెలుగు వికీపీడియాలో చూసే కళ్లు ఇంకా తక్కువ. ఇంగ్లీషు పేజీని అనువదించి తెస్తే దాంతోపాటే పొగడ్తలూ వస్తాయి. అక్కడి సభ్యులు మాట్లాడుకునే రచ్చబండ పేజీలో అడిగితే మాత్రం ఓపిగ్గా చెబుతారు.

ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ పేజీనైనా కింది నుంచి చదువుతాను. ముందు మూలాలు, తర్వాత చరిత్ర, చర్చ, చివరికి అసలు వ్యాసం. పోయిన నెల ఒక తెలుగు పేజీలో "అగ్రగామి" అన్న మాట తీసేసి, పక్క వాక్యానికి "ఆధారం చూపాలి" అని తగిలించాను. ఇంతవరకూ ఎవరూ ఆధారం చూపలేదు.