ట్యూబుతో తాగే వాటర్ బ్యాగ్ ట్రెక్కింగ్‌కి పనికొస్తుందా?

వీపు బ్యాగులో పెట్టుకుని, బయటికి వచ్చే ట్యూబుతో నీళ్లు తాగే 2 లీటర్ల వాటర్ బ్యాగ్ కొనాలా అని అడిగేవాళ్లకి నా మాట ఒకటే, కొనండి, కానీ మూత చూసి కొనండి. నేను వాడేదానికి పైభాగం మొత్తం తెరుచుకుంటుంది, చెయ్యి లోపలికి దూరుతుంది, కడిగి ఆరబెట్టడం తేలిక. సన్న మూతవైతే అడుగున తడి ఆరక బూజు పడుతుంది. నాగలాపురం కొండల్లో రాళ్లు పట్టుకుని ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటే ఎంత హాయో, పైగా బాటిల్ కోసం ఆగే పనిలేదు కాబట్టి నడుస్తూనే గుక్కెడు గుక్కెడు తాగుతుంటాం.

చిరాకల్లా ఎండకి ట్యూబులో నిలిచిన నీళ్లు కాగిపోవడమే. తాగాక ట్యూబులోకి ఊదితే నీళ్లు వెనక్కి పోతాయి. వీపు మీద ఉండగా ఎన్ని నీళ్లు మిగిలాయో తెలియదు, అదీ లోపమే.

ఓఆర్‌ఎస్ మాత్రం ఇందులో కలపకండి, గ్లూకోజ్ ట్యూబుకి అంటుకుంటుంది. పెద్ద ప్యాకెట్‌ని వేరే బాటిల్‌లో సరిగ్గా లీటరు నీళ్లకి కలపండి. అర లీటరులో చిక్కగా కలిపి తాగేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

కొనేముందు షాపులోనే నీళ్లు నింపి, తలకిందులు చేసి, అరచేత్తో గట్టిగా నొక్కండి. అతుకుల దగ్గర చుక్క కారినా వద్దనండి.